బస్సు తీసేస్తే పిల్లలేమయ్యారు? క్లాసుల మధ్య వరసల కథ



పోయిన పీటీఎం రోజు ఒక నాన్నగారు నేరుగా కంప్యూటర్ ల్యాబ్‌కి వచ్చి, వాళ్ళబ్బాయి ప్రాజెక్ట్ ఫైల్ నా టేబుల్ మీద పెట్టారు. "మేడమ్, ప్రోగ్రామ్ రన్ అయింది. అవుట్‌పుట్ కూడా కరెక్ట్‌గా వచ్చింది. నేనే ఇంట్లో కూర్చుని చూశాను. మరి పదికి ఆరే ఎందుకు వేశారు?" అన్నారు. గొంతులో కొంచెం కోపం ఉంది. కానీ ప్రశ్న మాత్రం న్యాయమైనదే. మన పిల్లాడు రాత్రి పదకొండు దాకా కూర్చుని చేసిన పనికి మార్కులు పోతే ఎవరైనా అడుగుతారు.

ఆ ప్రాజెక్ట్ మన స్కూలు బస్సుల గురించి. జావాలో రాశాడు. బస్సు అని ఒక క్లాసు, స్టూడెంట్ అని ఒక క్లాసు. ఏ బస్సులో ఎవరు ఎక్కుతారో, ఎవరి స్టాప్ ఏదో అన్నీ చూపిస్తుంది. నేను మార్కుల గురించి మాట్లాడకుండా అబ్బాయిని పిలిచి సిస్టమ్ ముందు కూర్చోబెట్టాను. "నాన్నా, ఏడో నంబరు బస్సు పాతదైపోయింది, అమ్మేశారు. లిస్టులోంచి తీసెయ్" అన్నాను. తీసేశాడు. "ఇప్పుడు స్కూల్లో ఉన్న పిల్లలందరి పేర్లూ చూపించు" అన్నాను.

ఏడో నంబరు బస్సులో వచ్చే పిల్లలు ఒక్కరూ లేరు. బస్సుతో పాటే పోయారు.

అబ్బాయి "అయ్యో" అన్నాడు. నాన్నగారు స్క్రీన్ వైపు కాసేపు చూసి, "బస్సు అమ్మేస్తే పిల్లలు పోవడమేంటండీ?" అన్నారు. ఆ నాలుగు మార్కులు అక్కడే పోయాయి. ప్రోగ్రామ్ రన్ అయింది, నిజమే. కానీ బస్సుకీ పిల్లలకీ మధ్య ఉన్న సంబంధాన్ని వాడు తప్పుగా రాశాడు.

ఇదే ప్రశ్న ఇంకా చాలామంది పేరెంట్స్‌కి ఉండొచ్చని, ఈ నెల కంప్యూటర్ పేజీలో దీని గురించే రాస్తున్నాను. మీకు కోడింగ్ రాకపోయినా ఫర్వాలేదు. వరసలు కలపడం వస్తే చాలు.

ముందు ఒక చిన్న మాట. ఇక్కడ క్లాసు అంటే 9-బి సెక్షన్ కాదు. మీరు అడ్మిషన్ రోజు నింపిన ఫారం గుర్తు తెచ్చుకోండి. ఖాళీ ఫారంలో పేరు, పుట్టిన తేదీ, చిరునామా అని గళ్ళు మాత్రమే ఉంటాయి. అది క్లాసు. మీ అమ్మాయి వివరాలతో నింపిన ఫారం ఆబ్జెక్ట్. ఫారం ఒక్కటే, నింపినవి వందలు. ఫారానికి లేనిదీ క్లాసుకి ఉన్నదీ ఒకటుంది. క్లాసు పనులు కూడా చేస్తుంది. అటెండెన్స్ వేసుకోవడం, మార్కులు కూడడం లాంటివి. వాటిని మెథడ్స్ అంటాం.

ఒక ప్రోగ్రామ్‌లో ఒకే క్లాసు ఉంటే గొడవ లేదు. రెండు ఉన్నాయంటే ఒకదానికొకటి ఏమవుతాయో తేల్చాలి. మన ఊళ్ళల్లో పెళ్ళికి వెళితే కొత్తవాళ్ళు కనబడగానే "మీరు మాకేమవుతారు?" అని వరస కలుపుతారు కదా. పిన్ని అవుతుందో అత్త అవుతుందో తేలితేగాని ఎలా పిలవాలో, ఎంత చనువుగా ఉండొచ్చో తెలియదు. క్లాసుల విషయంలోనూ అంతే.

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే వరస "కలిగి ఉండటం". బస్సుకి ఇంజన్ ఉంది, బస్సులో పిల్లలు ఉన్నారు. తెలుగులో రెండూ "ఉంది, ఉన్నారు" అనే అంటాం. ప్రోగ్రామ్ రాసేటప్పుడు మాత్రం ఈ రెండూ ఒకటి కావు. ఇది ఆ నాన్నగారికి నేను చెప్పడం కంటే ఆయనే నాకు బాగా చెప్పారు. ఆయనకి మెడికల్ షాపు ఉంది. "అంటే మేడమ్, నేను షాపు మూసేసినా నా దగ్గర పనిచేసే కుర్రాడు ఉంటాడు, ఇంకో షాపులో చేరతాడు. కానీ ఒక బిల్లు క్యాన్సిల్ చేస్తే అందులో రాసిన మందుల లైన్లు కూడా పోతాయి. అవి విడిగా ఎక్కడా ఉండవు. అంతేనా?" అన్నారు. అంతే. బిల్లుకీ అందులోని లైన్లకీ ఉన్నది కాంపోజిషన్. మొత్తం పోతే భాగమూ పోతుంది. షాపుకీ కుర్రాడికీ ఉన్నది అగ్రిగేషన్. మొత్తంలో భాగమే, కానీ దాని బతుకు దానిది.

మరి కోడ్‌లో ఈ తేడా ఎక్కడ కనబడుతుంది? ఇది చాలామంది పిల్లలకి అందదు, ఎందుకంటే జావాలో రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి. చూడాల్సింది ఒక్క చోట. కొత్త ఆబ్జెక్ట్‌ని పుట్టించే "న్యూ" అనే మాట ఎవరు రాశారు, ఆ ఆబ్జెక్ట్ ఇంకెవరికైనా తెలుసా అన్నది. మన అబ్బాయి స్టూడెంట్స్‌ని బస్సు క్లాసు లోపలే "న్యూ" అని పుట్టించాడు. ఆ పిల్లలున్న సంగతి బస్సుకి తప్ప ప్రోగ్రామ్‌లో ఇంకెవరికీ తెలియదు. స్కూలు మొత్తం లిస్టు కావాలన్నా ఒక్కో బస్సునీ అడిగి పోగు చేస్తున్నాడు. బస్సు తీసేశాక ఆ పిల్లల్ని చేరుకునే దారి లేదు. ఏ దారీ లేని ఆబ్జెక్ట్‌ని జావా చెత్త కింద లెక్కగట్టి మెమరీలోంచి ఊడ్చేస్తుంది. దాని పేరే గార్బేజ్ కలెక్టర్. అది తన పని తాను సరిగ్గానే చేసింది.

సరిచేయడం కష్టం కాదు. పిల్లలు ముందు స్కూల్లో పుట్టాలి, అంటే స్కూలు లిస్టులో ఉండాలి. ఆ తర్వాత వాళ్ళని బస్సుకి అప్పగించాలి. రోజూ జరిగేదీ అదే కదా, అడ్మిషన్ ముందు, బస్సు తర్వాత.

చిత్రంగా గీసేటప్పుడు కాంపోజిషన్‌కి నిండు డైమండ్, అగ్రిగేషన్‌కి ఖాళీ డైమండ్ వేస్తాం. ఈ గుర్తులు యూఎంఎల్ అనే పద్ధతిలోవి. గ్రేడీ బూచ్, ఇవార్ జాకబ్‌సన్, జేమ్స్ రంబా అనే ముగ్గురు ఎవరి గుర్తులు వాళ్ళు వాడుతుండగా, కలిసి కూర్చుని ఒకే పద్ధతికి తెచ్చారు. 1997లో అది ప్రమాణంగా ఆమోదం పొందింది. ఖాళీ డైమండ్ కచ్చితంగా ఎప్పుడు వేయాలన్న దాని మీద పెద్ద నిపుణుల్లోనే ఏకాభిప్రాయం లేదు. అందుకని పిల్లలు దాని బదులు మామూలు గీత గీస్తే నేను మార్కు తగ్గించను. నిండు డైమండ్ తప్పు చోట వేస్తే మాత్రం తగ్గిస్తాను. పైన చూశారుగా, అది పిల్లల్ని మాయం చేస్తుంది.

మామూలు గీత అన్నాను కదా, అది అసోసియేషన్. టీచర్‌కీ స్టూడెంట్‌కీ ఉన్నట్టు. ఎవరిలోనూ ఎవరూ భాగం కాదు, ఒకరికొకరు తెలుసు, అంతే. ఇంకా పలచటి వరస డిపెండెన్సీ. ప్రోగ్రెస్ రిపోర్ట్ క్లాసు ప్రింటర్‌ని ఒక్క నిమిషం వాడుకుని వదిలేస్తుంది, దగ్గర పెట్టుకోదు. ఆటో ఎక్కి దిగిపోయినట్టు. దానికి చుక్కల గీత బాణం.

ఇక అసలు తలనొప్పి ఇన్హెరిటెన్స్. ఇక్కడ ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

నేను బీఈడీ అయ్యాక ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఇన్హెరిటెన్స్ పాఠానికి బోర్డు మీద తండ్రి, కొడుకు అని రెండు డబ్బాలు గీశాను. "తండ్రి ఆస్తి కొడుక్కి వచ్చినట్టు, పేరెంట్ క్లాసులో ఉన్నవన్నీ చైల్డ్ క్లాసుకి వస్తాయి" అని చెప్పాను. నేను చదువుకున్నదీ అలాగే. ఇప్పటికీ చాలా గైడ్లలో ఇదే ఉదాహరణ ఉంటుంది. పిల్లలందరూ రాసుకున్నారు. వెనక బెంచీలో ఒక అమ్మాయి మాత్రం చెయ్యెత్తి, "మేడమ్, మొన్న మీరు మామిడి ఒక రకం పండు కాబట్టి ఇన్హెరిటెన్స్ అన్నారు. మరి కొడుకు ఒక రకం తండ్రా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. బెల్ కొట్టడంతో బతికిపోయాను.

ఆ అమ్మాయి అన్నదే కరెక్ట్. పేరు వారసత్వమే గానీ ఇది ఇంటి వారసత్వం కాదు. చైల్డ్ క్లాసు పేరెంట్ క్లాసుకి పుట్టిన బిడ్డ కాదు, అందులో ఒక రకం. మామిడి ఒక రకం పండు. బస్సు ఒక రకం వాహనం. "కొడుకు ఒక రకం తండ్రి" అంటే అర్థం లేదు. తండ్రీ కొడుకూ ఇద్దరూ మనిషి అనే ఒకే క్లాసుకి చెందిన రెండు ఆబ్జెక్ట్‌లు, వాళ్ళ మధ్య ఉన్నది మామూలు గీత. ఇది తెలియక "స్టూడెంట్ ఎక్స్‌టెండ్స్ స్కూల్" అని రాసే పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు. స్కూల్లో ఉన్న పేరు, అడ్రస్, ఫోన్ నంబరు స్టూడెంట్‌కి ఉచితంగా వచ్చేస్తాయి కదా అని. కోడ్ కూడా రన్ అవుతుంది. కానీ ఆ ప్రోగ్రామ్ లెక్కలో మీ అమ్మాయి ఒక రకం స్కూలు!

ఈ ఆలోచన ఎందుకు పుట్టిందో తెలిస్తే తికమక తగ్గుతుంది. 1960లలో నార్వేలోని ఓస్లోలో, నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో ఒలె యొహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ అనే ఇద్దరు సిమ్యులా అనే భాష తయారుచేశారు. నిజజీవితంలో జరిగేవాటిని కంప్యూటర్‌లో నడిపి చూడటం దాని పని. వాళ్ళ ముందున్న చిక్కుల్లో ఒకటి వంతెన మీద టోల్ బూత్ దగ్గర ఆగే క్యూ. క్యూలో లారీలుంటాయి, బస్సులుంటాయి. లారీకి సరుకు బరువు, బస్సుకి ప్రయాణికులు, వేటి వివరాలు వాటివి. కానీ క్యూకి ఇవన్నీ అనవసరం. ముందున్నది కదిలితే వెనకది కదలాలి, అంతే. విజయవాడ హైవే మీద సంక్రాంతి ముందు టోల్ ప్లాజా దగ్గర ఆగి ఉన్నవాళ్ళకి ఇది వివరించి చెప్పక్కర్లేదు. అందుకని వాహనం అనే ఉమ్మడి వివరణ ఒక చోట రాసి, లారీనీ బస్సునీ దానికి రకాలుగా రాసే పద్ధతి కనిపెట్టారు. 1967 నాటి సిమ్యులాలో క్లాసు, సబ్‌క్లాసు రెండూ ఉన్నాయి. దానికి వాళ్ళిద్దరికీ 2001 ట్యూరింగ్ అవార్డు వచ్చింది. తర్వాత సి ప్లస్ ప్లస్ తయారుచేసిన బ్యార్నె స్ట్రౌస్ట్రప్ సిమ్యులా వాడి చూసినవాడే. 1995లో వచ్చిన జావా అదే దారిలోది.

అంటే ఇన్హెరిటెన్స్ అసలు ఉద్దేశం కోడ్ ఉచితంగా సంపాదించడం కాదు. "వాహనం కావాలి" అన్న చోట బస్సు పెట్టినా లారీ పెట్టినా పని ఆగకూడదు. బార్బరా లిస్కోవ్ అనే శాస్త్రవేత్త 1987లో ఒక ప్రసంగంలో ఈ మాటని నియమంగా చెప్పారు. పేరెంట్‌ని వాడే ప్రతి చోటా చైల్డ్‌ని పెడితే, వాడేవాళ్ళకి ఏ ఆశ్చర్యమూ కలగకూడదు.

దీని మీద మా స్టాఫ్‌రూమ్‌లో మ్యాథ్స్ సార్‌కీ నాకూ లంచ్ అంతా వాదన జరిగింది. చతురస్రం ఒక రకం దీర్ఘచతురస్రమేనా? "అవును, ఆరో తరగతి పిల్లాడిని అడగండి" అన్నారు సార్. గణితంలో అవును. ప్రోగ్రామ్‌లో చూడండి. దీర్ఘచతురస్రానికి పొడవు మార్చే మెథడ్ ఒకటి, వెడల్పు మార్చే మెథడ్ ఒకటి ఉన్నాయి. పొడవు 5 పెట్టాను, తర్వాత వెడల్పు 4 పెట్టాను. వైశాల్యం 20 రావాలి. అక్కడ చతురస్రాన్ని పెడితే, దానికి అన్ని భుజాలూ సమానం కాబట్టి వెడల్పు 4 చేయగానే పొడవు కూడా 4 అయిపోతుంది. వైశాల్యం 16. లెక్క తప్పింది. గణితంలో ఒకసారి గీసిన బొమ్మ మారదు, ప్రోగ్రామ్‌లో ఆబ్జెక్ట్ మారుతూ ఉంటుంది. తేడా అక్కడుంది. సార్ ఒప్పుకున్నారు, కానీ పూర్తిగా కాదు.

"ఒక రకం" అనే పరీక్ష పాసైనా తప్పయ్యే సందర్భం ఇంకొకటుంది. క్లాస్ లీడర్ ఒక స్టూడెంటే కదా, కాబట్టి "లీడర్ ఎక్స్‌టెండ్స్ స్టూడెంట్" అని రాస్తారు. జూన్‌లో బాగానే ఉంటుంది. అక్టోబరులో లీడర్‌ని మారుస్తాం. జావాలో ఒకసారి పుట్టిన ఆబ్జెక్ట్ తన క్లాసు మార్చుకోలేదు. పాత లీడర్‌ని చెరిపేసి అదే పేరుతో కొత్త స్టూడెంట్‌ని పుట్టించాలి. మరి ఆ అమ్మాయి మార్కులు, అటెండెన్స్? ఒక్కటి కాపీ చేయడం మరిచిపోయినా గల్లంతే. లీడర్ అనేది పుట్టుక కాదు, పదవి. సెక్షన్ క్లాసులో "లీడర్ ఎవరు" అని ఒక గడి పెట్టి, అందులో పేరు మారిస్తే సరిపోతుంది. 1994లో వచ్చిన డిజైన్ ప్యాటర్న్స్ అనే ప్రసిద్ధ పుస్తకంలోనూ సలహా ఇదే. రెండు దారులూ ఉన్నప్పుడు ఇన్హెరిటెన్స్ కంటే కలిగి ఉండటమే మేలని.

పిల్లలే ఈ తప్పు చేస్తారనుకోకండి. జావాతో పాటే వచ్చే స్టాక్ అనే క్లాసు ఉంది. స్టాక్ అంటే హోటల్లో ప్లేట్ల దొంతర లాంటిది. పైనే పెట్టాలి, పైదే తీయాలి. దాన్ని తయారుచేసినవాళ్ళు వెక్టర్ అనే లిస్టు క్లాసుకి చైల్డ్‌గా రాశారు. దాంతో లిస్టుకి ఉన్న పనులన్నీ దొంతరకీ వచ్చేశాయి. మధ్యలోంచి ప్లేటు లాగొచ్చు, మధ్యలో దూర్చొచ్చు. దొంతర దొంతరగా లేదు. ఈ రోజుకీ అది అలాగే ఉంది. దాని మీద ఆధారపడ్డ పాత ప్రోగ్రాములు ఆగిపోతాయని తీసేయలేరు. జావా వాళ్ళ సొంత డాక్యుమెంటేషనే దాని బదులు డెక్ అనేది వాడమంటుంది. అంత పెద్దవాళ్ళకే వరస తప్పింది, తొమ్మిదో తరగతి పిల్లాడికి తప్పడంలో వింత లేదు.

ఇంకో ప్రశ్న పిల్లలు తప్పకుండా అడుగుతారు. "మాకు అమ్మా నాన్నా ఇద్దరున్నారు, జావాలో క్లాసుకి ఒక్క పేరెంటేనా మేడమ్?" ఒక్కటే. ఇద్దరు పేరెంట్స్‌లోనూ ఒకే పేరుతో ఒక మెథడ్ ఉండి, వాటి తీరు వేరైతే చైల్డ్ ఎవరి మాట వినాలి? (మీ ఇంట్లో టీవీ విషయంలో ఇది ఎలా తేలుతుందో నాకు తెలియదు.) సి ప్లస్ ప్లస్‌లో ఇద్దరిని ఒప్పుకుంటారు, ఎవరి మాటో రాసేవాళ్ళే స్పష్టంగా చెప్పాలి. పైథాన్ కూడా ఒప్పుకుంటుంది, కానీ ఎవరిని ముందు అడగాలో ఒక వరుసక్రమం తనే లెక్కగట్టుకుంటుంది. జావా ఒక్కరే అని తేల్చేసి, దాని బదులు ఇంటర్‌ఫేస్‌లు ఎన్నైనా పెట్టుకోనిస్తుంది. ఇంటర్‌ఫేస్ అంటే ముఖ్యంగా మాట ఇవ్వడం. "నేను ఫీజు రసీదు ప్రింట్ చేయగలను" అని క్లాసు మాట ఇస్తుంది, ఎలా చేస్తుందో దాని ఇష్టం. రక్త సంబంధం కాదు, ఒప్పందం.

ఇప్పుడు మీతో ఒక చిన్న పని. మీ పిల్లలు ఈ టర్మ్ ప్రాజెక్ట్ ఇంట్లో చూపించినప్పుడు "రన్ అయిందా?" అని అడగండి, అడగొద్దని కాదు. దానితో పాటు రెండు డబ్బాల మధ్య గీత మీద వేలు పెట్టి, "ఇది తీసేస్తే అది ఏమవుతుంది?" అని కూడా అడగండి. త్రిభుజం గుర్తు ఉన్న గీత అయితే "ఇది నిజంగా అందులో ఒక రకమా? రేపు మారదు కదా?" అనండి. జవాబు మీకు తెలియాల్సిన పని లేదు. మీకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పగలిగితే వాళ్ళకి వచ్చినట్టే. చెప్పలేకపోతే డైరీలో ఒక లైను రాసి పంపండి, ల్యాబ్ పీరియడ్‌లో కూర్చుని చూస్తాను.

బస్సుల ప్రాజెక్ట్ అబ్బాయి వారం తర్వాత మళ్ళీ సబ్మిట్ చేశాడు. నేను ఏడో నంబరు బస్సు తీసేశాను. పిల్లలందరూ ఉన్నారు. ఆ బస్సు వాళ్ళ పేర్ల పక్కన "బస్సు కేటాయించాలి" అని వస్తోంది. అది నేను చెప్పలేదు, వాడే పెట్టుకున్నాడు. తొమ్మిది వేశాను. ఆ ఒక్క మార్కూ వేరియబుల్స్‌కి ఎ, ఎ1, ఎ2 అని పేర్లు పెట్టినందుకు తగ్గించాను. నాన్నగారితో దాని గురించి వచ్చే పీటీఎంలో మాట్లాడతాను.